బ్లాకులు లేవు, కానీ రక్తనాళం ఉబ్బింది: అన్నయ్యకు ఏ వైద్యం చేయించాలి?

ప్రశ్న: మా అన్నయ్యకు 46 ఏళ్లు. కువైట్‌లో లారీ డ్రైవరు. సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు పొలానికి నడిచి వెళ్తుంటే ఛాతీలో బరువుగా అనిపించి చెమటలు పట్టాయి. హైదరాబాద్‌లో యాంజియోగ్రామ్ చేసి, బ్లాకులు లేవని, అయితే కుడివైపు రక్తనాళం చాలా మేర ఉబ్బి 6.5 మిల్లీమీటర్ల వెడల్పు ఉందని చెప్పారు. రిపోర్టులో 'ఎక్టాటిక్ ఆర్‌సీఏ, స్లో ఫ్లో' అని రాశారు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ ఇచ్చి పంపించారు. కరీంనగర్‌లో చూపిస్తే అక్కడి డాక్టరుగారు వార్ఫరిన్ కూడా వాడాలన్నారు. బంధువులేమో స్టెంట్ వేయించేస్తే పోతుంది కదా అంటున్నారు. ఆ రక్తనాళం పగిలిపోతుందా? ఇద్దరు డాక్టర్లలో ఎవరి మాట వినాలి? అన్నయ్యకు షుగర్ లేదు, సిగరెట్ అలవాటు ఉంది. మళ్లీ కువైట్ వెళ్లవచ్చా? ఇంట్లో మిగతావాళ్లం కూడా పరీక్షలు చేయించుకోవాలా?
– ఒక సోదరి, జగిత్యాల జిల్లా

జవాబు: పగిలిపోతుందేమోనన్న భయం తీరితే తప్ప మిగతా విషయాలు మనసుకెక్కవు కాబట్టి ముందు దానికే సమాధానం చెబుతాను. మీ అన్నయ్యగారిలా గుండె రక్తనాళం చాలా మేర సమంగా వెడల్పైన వారిలో అది పగలడం చాలా అరుదు. పొట్టలోని బృహద్ధమని ఉబ్బినప్పుడు పగలడమే ప్రధాన ప్రమాదం కాబట్టి, ఆ సంగతి విన్నవాళ్లు గుండె రక్తనాళాల విషయంలోనూ అలాగే జరుగుతుందని అనుకుంటారు. గుండెకు రక్తం అందించే కరొనరీ ధమనుల్లో ప్రమాదం వేరే రకంగా వస్తుంది. వెడల్పైన చోట రక్తం వేగం తగ్గుతుంది, సుడులు తిరుగుతుంది, గోడ పక్కన నిలిచిపోతుంది. అలా నిలిచిన రక్తం గడ్డకడుతుంది. డెల్టా కాలువ ఒక చోట అవసరానికి మించి వెడల్పైతే అక్కడ నీరు నెమ్మదించి పూడిక పడినట్టే ఇదీ జరుగుతుంది. ఆ గడ్డ అక్కడికక్కడే నాళాన్ని మూసివేయవచ్చు, లేదా దాని నుంచి తునకలు విడిపోయి కిందనున్న సన్నని కొమ్మల్లో ఇరుక్కోవచ్చు. రెండింటి ఫలితమూ గుండెపోటే. మీరు అడిగిన మందులు, స్టెంట్, ఆపరేషన్ అన్నింటినీ ఈ ఒక్క విషయం దృష్టిలో పెట్టుకుని చూస్తే డాక్టర్ల మాటల్లోని తేడా చాలావరకు అర్థమవుతుంది.

పక్కనున్న మామూలు భాగంతో పోలిస్తే ఒకటిన్నర రెట్లు, లేదా అంతకు మించి వెడల్పైన కరొనరీ ధమనిని ఉబ్బినదిగా లెక్కిస్తారు. పెద్దవాళ్లలో కరొనరీ ధమని మొదటి భాగం సాధారణంగా 3 నుంచి 4 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి 6.5 అనేది స్పష్టమైన ఉబ్బే. ఉబ్బు చాలా పొడవునా వ్యాపిస్తే ఎక్టేసియా అని, ఒక చోట మాత్రమే బుడగలా వస్తే ఎన్యూరిజం అని వైద్యులు అంటారు. ఈ జబ్బు ఎక్కువగా మగవారిలో, అందులోనూ కుడి కరొనరీ ధమనిలోనే (రిపోర్టులోని ఆర్‌సీఏ ఇదే) కనిపిస్తుంది. మీ అన్నయ్యగారి రిపోర్టు ఆ విధంగా అరుదైనదేమీ కాదు. 1983లో ప్రచురితమైన ఒక పెద్ద అమెరికన్ రిజిస్ట్రీలో (రోగుల వివరాల సంకలనంలో) సుమారు 20 వేల మంది యాంజియోగ్రామ్‌లను పరిశీలిస్తే దాదాపు 5 శాతం మందిలో ఇటువంటి ఉబ్బు కనిపించింది. ఆ రిజిస్ట్రీలోనే గమనించదగిన మరో విషయం ఉంది: ఉబ్బు ఉన్నవారికి, ఉబ్బు లేకుండా మామూలు బ్లాకులున్నవారికి అయిదేళ్ల బతుకు అవకాశాల్లో పెద్ద తేడా కనిపించలేదు. అందువల్ల 'బ్లాకులు లేవు' అనే మాటను 'గుండె జబ్బు లేదు' అని ఇంట్లో ఎవరూ అర్థం చేసుకోకూడదు. యాంజియోగ్రామ్ గదిలోంచి బయటికి వచ్చిన డాక్టరు తొందరలో 'బ్లాకులేమీ లేవమ్మా' అనగానే కుటుంబమంతా ఊపిరి పీల్చుకుని, పేషెంటు మందులు మానేసి, మళ్లీ సిగరెట్ వెలిగించడం మా వృత్తిలో తరచూ చూసే దృశ్యం.

ఎందుకు ఉబ్బిందన్నది తరువాతి సంగతి. పెద్దవాళ్లలో సగం మందికి పైగా దీనికి కారణం మామూలు బ్లాకులకు కారణమైన కొవ్వు జబ్బే, అంటే అథెరోస్క్లెరోసిస్. కొందరిలో అది నాళాన్ని లోపలి వైపు సన్నబరుస్తుంది. మరికొందరిలో గోడ మధ్య పొరలోని సాగే తంతువులను ఎంజైములు తినివేయడంతో గోడ పలచబడి, రక్తపోటు ఒత్తిడికి బయటి వైపు సాగిపోతుంది. పొగతాగడం, అధిక రక్తపోటు, కొలెస్ట్రాల్ దీనికి తోడవుతాయి. విచిత్రమేమిటంటే, బ్లాకులను అంతగా పెంచే షుగర్ వ్యాధి ఈ ఉబ్బు ఉన్నవారిలో తక్కువగా కనిపిస్తుందని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. మీ అన్నయ్యగారికి షుగర్ లేకపోవడం మంచిదే గాని, అందువల్ల ఈ జబ్బు రాకూడదు కదా అన్న వాదన నిలవదు.

అయితే వయసు 46 కాబట్టి ఇతర కారణాలను కూడా ఒకసారి వెతకడం న్యాయం. వాటిలో ముఖ్యమైనది చిన్ననాటి కవాసాకి జబ్బు. జపాన్‌కు చెందిన పిల్లల వైద్యుడు తొమిసాకు కవాసాకి 1967లో దీన్ని మొదటిసారి వివరించారు. ఎక్కువగా అయిదేళ్లలోపు పిల్లలకు వస్తుంది: అయిదు రోజులు, అంతకు మించి తగ్గని జ్వరం, పుసి కట్టకుండానే ఎర్రబడిన కళ్లు, పగిలిన పెదవులు, ఎర్రటి నాలుక, ఒంటి మీద దద్దుర్లు, మెడలో గడ్డ, చేతులు కాళ్ల వాపు, కొద్ది రోజుల తరువాత వేళ్ల చివర్ల చర్మం పొరలుగా ఊడడం. చికిత్స లేకపోతే దాదాపు నలుగురిలో ఒకరికి కరొనరీ ధమనులు ఉబ్బే ప్రమాదం ఉంది. జ్వరం మొదలైన 10 రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ నరం ద్వారా ఎక్కిస్తే అది దాదాపు అయిదు శాతానికి తగ్గిపోతుంది. మీ అన్నయ్యగారి చిన్నప్పుడు మన ప్రాంతంలో ఈ జబ్బును గుర్తుపట్టిన వైద్యులు బహు తక్కువ. తట్టు అనో, విషజ్వరం అనో సరిపెట్టి ఉంటారు. మీ అమ్మగారు ఉంటే, అతనికి పసితనంలో అలాంటి జ్వరం వచ్చి చేతుల తోలు ఊడిందేమో అడగండి. జ్ఞాపకం లేకపోయినా నష్టం లేదు, ఉంటే మాత్రం డాక్టరుగారికి తప్పక చెప్పండి. తకయాసు ఆర్టరైటిస్ వంటి రక్తనాళాల వాపు జబ్బులు, శరీర రక్షణ వ్యవస్థ సొంత అవయవాల మీదే దాడి చేసే లూపస్, అవయవాలను పట్టి ఉంచే కణజాలంలో పుట్టుకతో వచ్చే మార్ఫాన్ వంటి లోపాలు, చికిత్స లేని సిఫిలిస్ కూడా కారణాల జాబితాలో ఉన్నాయి. రెండు చేతుల్లోనూ బీపీ చూడడం, ఒంట్లో వాపును సూచించే ఈఎస్ఆర్, సీఆర్‌పీ, సిఫిలిస్‌ను పట్టే వీడీఆర్ఎల్ రక్తపరీక్షలు, ఎకో పరీక్షలో బృహద్ధమని మొదటి భాగం కొలత, పొట్టకు ఒక అల్ట్రాసౌండ్ చేయిస్తే వీటిలో చాలావాటిని పెద్ద ఖర్చు లేకుండానే పక్కన పెట్టవచ్చు. పొట్ట అల్ట్రాసౌండ్ ఎందుకంటే, కరొనరీ ధమనులు ఉబ్బిన కొందరిలో పొట్టలోని బృహద్ధమని కూడా ఉబ్బి ఉంటుంది, మొదట చెప్పిన పగిలే భయం అక్కడ నిజమైనది.

రోగ నిర్ధారణ విషయానికి వస్తే, యాంజియోగ్రామ్ చేసిన రోజే అసలు జవాబు దొరికింది. రంగు మందు ఎక్కించినప్పుడు అది నాళం చివరికి చేరడానికి ఎక్కువసేపు పట్టడం, ఉబ్బిన చోట నిలిచిపోవడం, కొన్నిసార్లు వెనక్కి కదలడం ఈ జబ్బు ప్రత్యేక లక్షణాలు. ఆ కదలికలు రిపోర్టు కాగితంలో ఉండవు, వీడియోలో ఉంటాయి. అందువల్ల రెండో అభిప్రాయానికి వెళ్లే ప్రతిసారీ యాంజియోగ్రామ్ సీడీ తీసుకువెళ్లండి. కాగితం చూసి చెప్పిన అభిప్రాయానికి, వీడియో చూసి చెప్పిన అభిప్రాయానికి ఈ జబ్బులో ఎంతో తేడా ఉంటుంది. కరీంనగర్ డాక్టరుగారు సీడీ చూశారో లేదో మీ ఉత్తరంలో లేదు. చూడకపోతే ముందు అది చూపించండి.

యాంజియోగ్రామ్‌కు ఒక పరిమితి ఉంది. అది రక్తం పారే దారిని మాత్రమే చూపుతుంది, గోడను చూపదు. ఉబ్బు లోపల పాత గడ్డ పొరలుగా పేరుకుని ఉంటే దారి మామూలుగానే కనిపించి, నిజమైన పరిమాణం తెలియకుండా పోతుంది. అనుమానం ఉన్నప్పుడు సీటీ కరొనరీ యాంజియోగ్రామ్ ఉపయోగపడుతుంది. బయటి కొలత, లోపలి గడ్డ, గోడలో సున్నం మూడూ అందులో తెలుస్తాయి, ఆసుపత్రిలో చేరవలసిన పని కూడా ఉండదు. నాళంలోకి సన్నని తీగ చివర అల్ట్రాసౌండ్ పంపి గోడ పొరలను చూసే ఐవస్ అనే పరీక్ష మరింత కచ్చితమైనది గాని, అందరికీ అవసరం లేదు. ఏదైనా చికిత్స నాళం లోపల చేయాలనుకున్నప్పుడే దాని విలువ. మీ అన్నయ్యగారికి నడిచినప్పుడు బరువు వచ్చింది కాబట్టి, నెమ్మదించిన రక్తం వల్ల గుండె కండరానికి నిజంగా లోటు జరుగుతోందా అన్నది ట్రెడ్‌మిల్ లేదా స్ట్రెస్ పరీక్షతో తేల్చుకోవడం మంచిది. బ్లాకు లేకపోయినా ఇలాంటివారిలో అది పాజిటివ్‌గా రావచ్చు.

ఇక ఇద్దరు డాక్టర్ల మాటల్లో ఏది సరైనదన్నది మీ ఉత్తరంలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పడానికి కావలసిన ఒక ముఖ్య సమాచారం ఉత్తరంలో లేదు: ఆ రోజు అతనికి గుండెపోటు వచ్చిందా, లేక గుండె నొప్పి మాత్రమేనా? డిశ్చార్జ్ కాగితంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే పదార్థం) ఫలితం, ఈసీజీ మార్పులు, ఎకోలో గుండె పంపింగ్ శాతం చూడండి. ట్రోపోనిన్ పెరిగి ఉంటే, గడ్డ లేదా గడ్డ తునక అప్పటికే ఒకసారి ఆ నాళంలో అడ్డుపడిందని అనుమానించడానికి గట్టి ఆధారం ఉన్నట్టే. మామూలుగా ఉంటే పరిస్థితి వేరు.

ట్రోపోనిన్ మామూలుగా ఉండి, గడ్డ ఎక్కడా కనిపించకపోతే ఆస్పిరిన్, స్టాటిన్‌లతో మొదలుపెట్టడం సమంజసమే. హైదరాబాద్ డాక్టరుగారు చేసింది చాలా చోట్ల చేసే పని. గుండెపోటు వచ్చి ఉన్నా, నాళంలో గడ్డ కనిపించినా, ఆస్పిరిన్ వాడుతుండగానే మళ్లీ నొప్పి వచ్చినా, ఉబ్బు బాగా పెద్దదైనా వార్ఫరిన్ వంటి గడ్డను నిరోధించే మందు వాడడంలో న్యాయం ఉంది. జపాన్‌లోని ఒసాకా ప్రాంతపు జాతీయ హృద్రోగ కేంద్రం 2017లో ప్రచురించిన పరిశీలనలో, గుండెపోటు వచ్చిన వారిలో కరొనరీ నాళాలు ఉబ్బినవారికి తరువాతి ఏళ్లలో మళ్లీ ప్రమాదాలు గణనీయంగా ఎక్కువగా జరిగాయి. అయితే వార్ఫరిన్ మోతాదును సరైన పరిధిలో నిలబెట్టుకున్నవారిలో ఆ ప్రమాదాలు కనిపించలేదు. ఉబ్బు ఉన్నవారి సంఖ్య ఆ అధ్యయనంలో చిన్నది, అదీ పాత రికార్డుల ఆధారంగా చూసినది. రెండు వైద్యాలను పక్కపక్కన పోల్చే పెద్ద అధ్యయనాలు చేసి తేల్చిన విషయం కాదు కాబట్టే ఇద్దరు మంచి డాక్టర్లు నిజాయితీగా రెండు మాటలు చెప్పగలుగుతున్నారు. ఇందులో ఒకరు తెలిసినవారు, ఒకరు తెలియనివారు అని అనుకోవద్దు. ట్రోపోనిన్, సీడీ, వీలైతే సీటీ స్కాన్ దగ్గర పెట్టుకుని అడిగితే ఇద్దరి మాటా ఒకే చోటికి వచ్చే అవకాశమే ఎక్కువ.

వార్ఫరిన్ నిర్ణయమైతే దాన్ని మామూలు మాత్రలా చూడకూడదు. ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష 2 నుంచి 3 మధ్య ఉండేలా మోతాదు సరిచేస్తూ ఉండాలి. మొదట్లో కొద్ది రోజులకొకసారి, కుదురుకున్నాక నెలకొకసారి పరీక్ష తప్పదు. తక్కువైతే మందు వేసుకున్నా వేసుకోనట్టే, ఎక్కువైతే మెదడులో, కడుపులో రక్తస్రావం. పాలకూర, తోటకూర, మునగాకు వంటి ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందు బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి వాటిని మానేయాలని చాలామంది చెబుతారు. మానేయనక్కరలేదు, వారంవారం ఇంచుమించు ఒకే పరిమాణంలో తింటే చాలు. ఒక వారం ఆకుకూర ముట్టకుండా, మరో వారం రోజూ తినడమే ఇబ్బంది. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, మెట్రోనిడజోల్ వంటి కొన్ని యాంటీబయాటిక్‌లు, మద్యం దీనితో ప్రమాదకరం. ముఖ్యంగా, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర నడుము నొప్పికి కండలోకి ఇంజెక్షన్ వేయించుకోవడం ఇకమీదట కుదరదు. కండలో రక్తం గూడు కట్టుకుపోతుంది. ఐఎన్ఆర్ అవసరం లేని కొత్త మందులను కొందరు వైద్యులు వాడుతున్నారు గాని, ఈ జబ్బులో వాటికున్న అనుభవం వార్ఫరిన్‌కున్నంత లేదు.

ఏ మందు వేసినా వేయకపోయినా సిగరెట్ పూర్తిగా ఆగాలి, స్టాటిన్ మంచి మోతాదులో రోజూ సాగాలి, బీపీ అదుపులో ఉండాలి. నైట్రేట్ల గురించి ఒక మాట. ఛాతీ నొప్పి అనగానే నాలుక కింద నైట్రేట్ రకానికి చెందిన సార్బిట్రేట్ మాత్ర పెట్టుకోవడం మన ఇళ్లలో స్థిరపడిన అలవాటు. బ్లాకు లేకుండా నాళం ఉబ్బి మాత్రమే ఉన్నవారిలో నైట్రేట్లు నాళాన్ని మరింత సడలించి, రక్తం కదలికను ఇంకా మందగింపజేసి లోటును పెంచగలవని గమనించారు. అందువల్ల అతనికి ఆ మాత్ర రాసి ఉంటే కొనసాగించాలా, అత్యవసరంలో వాడాలా అన్నది కార్డియాలజిస్టును సూటిగా అడగండి. పక్కింటివాళ్ల సలహాపై మాత్రం పెట్టకండి.

బంధువులు చెబుతున్న స్టెంట్ సంగతి. స్టెంట్ పని సన్నబడిన దారిని తెరవడం. ఇక్కడ దారి సన్నబడలేదు. సాధారణ స్టెంట్లను 6.5 మిల్లీమీటర్ల నాళానికి గోడను అంటుకునేలా తెరవడం కష్టం, అంటుకోని స్టెంట్ తానే గడ్డకు చోటిస్తుంది. చాలా పొడవునా వ్యాపించిన ఉబ్బుకు అది వైద్యం కాదు. ఒక చోట మాత్రమే ఉన్న బుడగ వంటి ఎన్యూరిజానికి పైన పలచని పొర తొడిగిన కవర్డ్ స్టెంట్ వేయడం, స్టెంట్ ద్వారా సన్నని తీగ చుట్టలు పంపి బుడగను నింపడం వంటి పద్ధతులున్నాయి. ఆపరేషన్ అరుదు: బాగా పెద్దదై పక్క భాగాలను నొక్కుతున్నా, వేగంగా పెరుగుతున్నా, ఎడమ ప్రధాన ధమనిలో ఉన్నా ఆ భాగాన్ని కట్టివేసి బైపాస్ చేస్తారు. మీరు చెప్పిన వివరాల ప్రకారం మీ అన్నయ్యగారు ఆ కోవలోకి రారు. ఉబ్బు పెరుగుతోందా అన్నది కొన్ని నెలల తరువాత సీటీతో చూసుకోవచ్చు. ఎప్పుడన్నది కొలతలను బట్టి డాక్టరు చెబుతారు.

కువైట్ ప్రయాణం గురించి తొందరపడవద్దని నా సలహా. నొప్పి ఎందుకు వచ్చిందో తేలి, స్ట్రెస్ పరీక్ష సంతృప్తికరంగా ఉండి, మందులు కుదురుకున్న తరువాత ప్రయాణానికి గుండె జబ్బు అడ్డు కాదు. కానీ లారీ నడపడం వేరే విషయం. నొప్పి వస్తూ పోతూ ఉన్న మనిషి స్టీరింగ్ ముందు కూర్చోవడం అతనికే గాక రోడ్డు మీద ఉన్న అందరికీ ముప్పు. కంపెనీ వైద్య పరీక్షలో ఈ జబ్బును దాచిపెట్టడం కూడా తప్పే. వార్ఫరిన్ మొదలైతే అక్కడ ఐఎన్ఆర్ పరీక్ష ఎక్కడ చేయించాలి, ఫలితం చూసి మోతాదు మార్చేది ఎవరు, ఇన్సూరెన్స్‌లో అది ఉందా లేదా అన్నవి బయలుదేరే ముందే తేలాలి. అవి కుదరకపోతే ఇక్కడే వేరే పని చూసుకోవడం గురించి కుటుంబంలో మాట్లాడుకోవాలి, అది బాధాకరమని నాకు తెలుసు. వెళ్తే మందుల చీటీ మందుల అసలు పేర్లతో, సీడీ నకలుతో పాటు వెంట ఉండాలి. అక్కడి ఎండల్లో నీళ్లు తగ్గకుండా తాగాలి.

ఇంట్లో మిగతావాళ్లందరికీ యాంజియోగ్రామ్ అవసరం లేదు. పుట్టుకతో కొలెస్ట్రాల్ అతిగా ఉండే కుటుంబాల్లో కరొనరీ నాళాలు ఉబ్బడం ఎక్కువ కాబట్టి మీరు, మీ తోబుట్టువులు, అతని పిల్లలు ఒకసారి లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి. పెద్దవాళ్లు బీపీ చూపించుకోండి. మార్ఫాన్ వంటి జబ్బు లక్షణాలు అతనిలో తేలితేనే మిగతా పరీక్షలు.

చివరగా అత్యవసరం. ఛాతీలో బరువు విశ్రాంతి తీసుకున్నా పది పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే, చెమటలు పట్టినా, ఎడమ చేతికి, దవడకు నొప్పి పాకినా గ్యాస్ అనుకుని సోడా తాగించి కాలయాపన చేయకండి. 108కి ఫోన్ చేసి, ఆస్పిరిన్ పడనివారు కాకపోతే 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలించండి. వార్ఫరిన్ వాడుతుంటే అతను ఎక్కడున్నా ఆ సంగతి అంబులెన్స్ వాళ్లకు, ఎమర్జెన్సీ డాక్టరుకు మొదటి మాటగా చెప్పాలి. అతని గుండె రక్తనాళం ఉబ్బి ఉందన్నది రెండో మాటగా చెప్పాలి, ఎందుకంటే క్యాథ్ ల్యాబ్‌లో (యాంజియోగ్రామ్, స్టెంట్ చేసే గదిలో) ఉబ్బిన నాళాన్ని, అందులోని గడ్డను ఎదుర్కొనే తీరు మామూలు బ్లాకుకు చేసేదానికి భిన్నం.